చన్నీళ్లలో ఆరిన లైటు: తప్పు స్విచ్‌దా, బ్యాటరీదా?

ప్రశ్న: 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో 42 వేలు పెట్టి డైవింగ్ వీడియో లైటు కొన్నాను. 2025 ఫిబ్రవరిలో ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా అనే నీటి పగులులో డైవ్ మధ్యలో ఆరిపోయింది, ఎంత నొక్కినా స్విచ్ పలకలేదు. ఎన్నేళ్ల కలో, ఆ తర్వాత వీడియో అంతా చీకటే, ఇప్పటికీ బాధగానే ఉంది. పెట్టె, మాన్యువల్ పారేశాను. షాపువాళ్లు చలికి అంతేనంటున్నారు. ఫ్రీజర్‌లో పెట్టి వీడియో తీసి రుజువు చేయనా? 5 లక్షలు వస్తాయా? అన్నట్టు, ఆన్‌లైన్‌లో కొన్న స్పేర్ బ్యాటరీ కూడా తీసుకెళ్లాను.

జవాబు: మీ కేసును తేల్చేది ఆ చివరి వాక్యమే. ఆ రోజు లైటులో ఉన్నది కంపెనీ బ్యాటరీనా, ఆన్‌లైన్‌దా? సిల్‌ఫ్రా నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అంత చలిలో లిథియం బ్యాటరీ నీరసిస్తుంది, లైటు వెలగగానే వోల్టేజీ పడిపోతుంది, సర్క్యూట్ దానంతటదే ఆగిపోతుంది. నొక్కేవాళ్లకి మాత్రం స్విచ్ చచ్చిపోయినట్టే ఉంటుంది. అవతలి లాయరు పట్టుకునేది దీన్నే.

కంపెనీ బ్యాటరీయే అయితే మాన్యువల్ చూడాలి. సున్నా డిగ్రీల నుంచి పనిచేస్తుందని అందులో ఉంటే, "చలికి అంతే" అన్న షాపువాళ్ల మాటే మీకు సాక్ష్యం. పెట్టెతో పాటు మాన్యువల్ కూడా పారేశానని రాశారు, 42 వేల వస్తువుకి అంత అజాగ్రత్త ఏంటండీ? కంపెనీ సైట్‌లో ఉంటే ఇవాళే దించుకోండి.

ఫ్రీజర్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. అక్కడ మైనస్ 18 దాకా ఉంటుంది, సిల్‌ఫ్రా నీళ్లకి దానికి పోలికే లేదు, పైగా మీరే పాడుచేశారంటారు. రిపేరుకిచ్చి విప్పించొద్దు కూడా. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 కింద, పరీక్ష అవసరమైతే వినియోగదారుల కమిషనే సీలు వేసి ల్యాబ్‌కి పంపుతుంది, ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు.

వీడియోలో వెలుతురు పడిపోయిన క్షణం, అదే నిమిషానికి డైవ్ కంప్యూటర్ (డైవర్లు చేతికి కట్టుకునే పరికరం) చూపిన నీటి ఉష్ణోగ్రత, ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. ఒరిజినల్ ఫైళ్లు చెరపొద్దు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

ఫిర్యాదుకి గడువు వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని కూర్చుంటే గడువు ఆగదు. కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని 2026 అక్టోబరు లోపు వేయండి, దాటితే ఆలస్యానికి కారణం చూపుకోవాలి. ముందు షాపుకి, తయారీదారుకి 15 రోజుల నోటీసు, తర్వాత హైదరాబాద్ జిల్లా కమిషన్‌లో ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు. మీ కొనుగోలు ధర 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. పరిహారం 5 లక్షలని రాయకండి, లైటు ధర, ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం అడగండి.

ఆ రోజు వేసింది ఆన్‌లైన్ బ్యాటరీ అయితే నోటీసు పంపకముందే మళ్లీ రాయండి, అప్పుడు అడగాల్సింది ఆ బ్యాటరీ అమ్మినవాళ్లనేమో చూడాలి.