ఫారో దీవుల లీగ్ గురించి మీరడిగినవి

పోయిన సంచికలో 2023లో కేఐ క్లాక్స్‌విక్ అనే ఫారో దీవుల (బ్రిటన్‌కి పైన, ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న చిన్న దీవులు) ఫుట్‌బాల్ టీమ్ చేసిన పని గురించి నాలుగు లైన్లు రాస్తే వరసపెట్టి ప్రశ్నలొచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: ఐదు వేల మంది ఉన్న ఊరి టీమ్ హంగేరీ చాంపియన్‌ని ఓడించిందని రాశారు. ఆ రోజు లక్ కలిసొచ్చిందేమో కదండీ? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లక్ అయితే ఒక్క మ్యాచ్‌తో ఆగిపోవాలి కదండీ. 2023 జూలైలో యూరప్ క్లబ్బుల అతి పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్ మొదటి రౌండ్, సొంత దీవుల్లో ఆ హంగేరీ చాంపియన్ ఫెరెన్స్‌వారోష్‌తో 0-0, తర్వాత బుడాపెస్ట్ వెళ్ళి 3-0తో గెలిచారు, అందులో ఆర్ని ఫ్రెడరిక్స్‌బెర్గ్‌వి రెండు గోల్స్, ఆ ఓటమితోనే ఫెరెన్స్‌వారోష్ కోచ్ చెర్చెసోవ్ ఉద్యోగం పోయింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఫారోలో సీజన్ మార్చిలో మొదలై అక్టోబర్‌లో అయిపోతుంది, చలికాలం పగలు బాగా తక్కువ, గాలి విపరీతం, అందుకని. కాబట్టి జూలైకి వీళ్ళు మంచి ఊపు మీద ఉంటారు, హంగేరీ వాళ్ళకి అప్పటికి కొత్త సీజనే మొదలు కాలేదు. అది కలిసొచ్చింది, కాదనను. కానీ తర్వాత రౌండ్‌లో వచ్చింది స్వీడన్ చాంపియన్ హెకెన్, స్వీడన్ లీగ్ కూడా వసంతం నుంచి శరదృతువు దాకానే, అంటే వాళ్ళూ సీజన్ మధ్యలోనే ఉన్నారు. మొదటి మ్యాచ్ 0-0, రెండోది గోథెన్‌బర్గ్‌లో 3-3, చివరికి పెనాల్టీల్లో కేఐ గెలిచింది. ఆ పెనాల్టీలతోనే అసలు సంగతి తేలిపోయింది, ఎందుకంటే అక్కణ్ణుంచి ఓడినవాళ్ళు ఇంటికి పోరు, కింది స్థాయి టోర్నీకి వెళ్తారు, కాబట్టి ఎన్ని ఓడినా ఏదో ఒక యూరప్ టోర్నీలో గ్రూప్ స్టేజ్ ఖాయం. తర్వాత నార్వే టీమ్ మోల్డే మీద సొంత గ్రౌండ్‌లో 2-1తో గెలిచి, అక్కడికెళ్ళి ఎక్స్‌ట్రా టైమ్‌లో పోగొట్టుకున్నారు, మోల్డోవా టీమ్ షెరీఫ్ చేతిలోనూ ఓడారు, అయినా యూరప్‌లో మూడో స్థాయి టోర్నీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్‌లోకి వచ్చేశారు. గ్రూప్ స్టేజ్ చూసిన మొదటి ఫారో క్లబ్ అదే. అక్కడ ఫ్రాన్స్ నుంచి వచ్చిన లిల్‌ని 0-0 దగ్గర ఆపారు, స్లొవేనియా టీమ్ ఒలింపియాని 3-0తో ఓడించారు. ఇన్ని చూశాక కూడా దాన్ని లక్ అనడం నాకు మనసొప్పదు.

ప్రశ్న: ఆ ప్లేయర్లకి ఫుట్‌బాలే ఉద్యోగమా? (ఖమ్మం)

జవాబు: కొందరికి. లీగ్‌లో చాలామందికి మాత్రం పొద్దున ఏదో ఒక పని ఉంటుంది, సాయంత్రం ప్రాక్టీస్. దేశం జనాభానే 54 వేల చిల్లర, పది టీములు, అంటే మీ ఊరి గోల్‌కీపర్ మీకు రోజూ ఎదురుపడే మనిషే.

ప్రశ్న: పది టీములే అయితే సీజన్ త్వరగా అయిపోదా? (విజయవాడ)

జవాబు: అవదండీ, ప్రతి టీమూ మిగతా తొమ్మిదింటితో మూడేసి సార్లు ఆడుతుంది, మొత్తం 27 మ్యాచ్‌లు. చివరి రెండు కిందికి పోతాయి. కింది డివిజన్‌లో పెద్ద క్లబ్బుల రెండో టీములు కూడా ఆడతాయి కానీ, సొంత క్లబ్ పైన ఉంటే అవి గెలిచినా పైకి రావు.

ప్రశ్న: దీవుల మధ్య మ్యాచ్‌లకి ఎలా వెళ్తారు, పడవల్లోనా? (హైదరాబాద్)

జవాబు: ఇదే నాకు బాగా నచ్చిన ప్రశ్న. ఇప్పుడు ఎక్కువగా సముద్రం కిందనుంచే వెళ్తున్నారు! క్లాక్స్‌విక్‌కి 2006లో సొరంగం వచ్చింది, 2020 డిసెంబర్‌లో రాజధాని టోర్స్‌హావ్న్ వైపు 11 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తెరిచారు, దాని మధ్యలో సముద్రం అడుగున ఒక రౌండ్ సర్కిల్ కూడా ఉంది, నీలం ఆకుపచ్చ లైట్లతో, కార్లు దాని చుట్టూ తిరిగి తమ దారి పట్టుకుంటాయి. టోర్స్‌హావ్న్ నుంచి క్లాక్స్‌విక్‌కి గంట పైన పట్టే దారి దాదాపు సగానికి తగ్గింది, పని ముగించుకుని సాయంత్రం మ్యాచ్‌కి వెళ్ళేవాడికి అదెంత తేడానో ఆలోచించండి. దక్షిణాన సూవురోయ్ దీవికి మాత్రం ఇంకా సొరంగం లేదు, అక్కడి టీమ్ రాజధానికి ఆడటానికి రావాలంటే ఫెర్రీలో రెండు గంటలు, ఆట అయ్యాక మళ్ళీ రెండు గంటలు, ఓడిపోయి అలసిపోయి ఆ సముద్రం మీద తిరిగెళ్ళేవాళ్ళని తలుచుకుంటే నాకు జాలీ గౌరవం రెండూ కలుగుతాయి. 1892లో పుట్టిన టీబీ అనే క్లబ్, దీవులన్నిటిలోకీ పాతది, ఆ సూవురోయ్‌దే.

ప్రశ్న: ఈ లీగ్ కొత్తదా? (రాజమండ్రి)

జవాబు: 1942 నుంచి ఉంది, మొదటి చాంపియన్ కూడా కేఐ క్లాక్స్‌వికే. 1944లో మాత్రం లీగ్ జరగలేదు, కారణం యుద్ధకాలంలో ఆడటానికి బంతులు దొరక్కపోవడం. ఆ తర్వాత కూడా చాలాకాలం సరైన గ్రౌండ్ లేదు, 1990 సెప్టెంబర్‌లో వాళ్ళ దేశం టీమ్ ఆస్ట్రియాని 1-0తో ఓడించిన మ్యాచ్ స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడాల్సొచ్చింది, అంతర్జాతీయ మ్యాచ్‌కి సరిపడే గడ్డి గ్రౌండ్ దీవుల్లో లేక. ఊలు టోపీ పెట్టుకుని ఆడిన గోల్‌కీపర్ జెన్స్ మార్టిన్ నుడ్సెన్ ఆ మ్యాచ్‌తోనే ప్రపంచానికి తెలిశాడు. ఇప్పుడు లీగ్ నడిచేది ఆర్టిఫిషియల్ టర్ఫ్ మీద, వానలో కూడా బాల్ చక్కగా దొర్లుతుంది, బురదలో గాల్లోకి తన్నే ఆట పోయి పాసింగ్ ఆట రావడానికి నా లెక్కలో అదే పెద్ద కారణం.

ప్రశ్న: యూరప్ నుంచి అంత డబ్బు ఒక్క క్లబ్‌కే వస్తే మిగతా తొమ్మిది టీములు ఏం కావాలి? (వరంగల్)

జవాబు: నన్నూ బాధపెట్టిన ప్రశ్న ఇది. ఆ ఏడాది కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్‌కి చేరినందుకే ఒక్కో క్లబ్‌కి దాదాపు 30 లక్షల యూరోలు, అంత చిన్న లీగ్‌లో ఒకరి చేతిలో ఆ డబ్బు పడితే పోటీ చచ్చిపోతుందని భయం. కేఐ అప్పటికే 2021, 2022, 2023 వరసగా మూడు టైటిళ్ళు కొట్టింది కూడా. ఇక వీళ్ళని ఆపేవాళ్ళు లేరనుకున్నా, కానీ 2024లో టైటిల్ వైకింగుర్‌కి వెళ్ళింది, గోటా, లేర్విక్ అనే రెండు పక్కపక్క ఊళ్ళ క్లబ్బులు 2008లో ఒకటై పెట్టుకున్న టీమ్ అది.