ఎర్రయ్య అక్కని పిలిపించు

విజయనగరం

చిరంజీవి రాంబాబుకి,

నీ కథ చదివాను. తుపాను తర్వాత కళింగపట్నం తీరంలో ఇసుకలోంచి ఎముకలు బయటపడటం, వేటకెళ్లి తిరిగిరాని ఎర్రయ్యవే అవి అని ఊరంతా అనుకోవడం, కొడుకు రక్తం ఇవ్వడం చాలా బాగా రాశావు. కానీ డాక్టరు వచ్చి "మైటోకాండ్రియల్ డీఎన్ఏ సరిపోయింది, ఇది మీ నాన్నే" అన్న చోట నీ కథ మీద నమ్మకం పోయింది. సైన్సుని కథలోకి తెచ్చేవాడు దాని నియమం తెలుసుకుని తీరాలి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

కణంలో కేంద్రకం బయట, మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో ఉండే ఆ డీఎన్ఏ తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, తండ్రి నుంచి రాదు. ఎర్రయ్య కొడుకులో ఉన్నది వాళ్లమ్మది. ఎర్రయ్యలో ఉన్నది ఎర్రయ్య అమ్మది. కాబట్టి పోల్చడానికి కావలసింది ఎర్రయ్య తల్లి. ఆమె పోయి ఉంటే తోడబుట్టినవాళ్లు, అక్క పిల్లలు, మేనమామ, పిన్ని. రష్యా జార్ కుటుంబం ఎముకలు బయటికి తీశాక, రాణి అలెగ్జాండ్రాని గుర్తించడానికి బ్రిటన్ ప్రిన్స్ ఫిలిప్ రక్తం ఇచ్చాడు. ఆయన ఆమెకి అక్క కూతురి కొడుకు. నడుమ ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే కాబట్టి లెక్క కుదిరింది.

కొడుకు రక్తం వృథా అని కాదు. ల్యాబ్ వాళ్లు మామూలుగా ముందు కేంద్రక డీఎన్ఏ కోసమే చూస్తారు. అది కణం కేంద్రకంలో ఉంటుంది, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తుంది కాబట్టి దానికి కొడుకు బాగా పనికొస్తాడు. కానీ ఎండకీ తడికీ ఏళ్ల తరబడి నానిన ఎముకలో అది ముక్కలైపోతుంది. కణంలో దానికి రెండే ప్రతులు. మైటోకాండ్రియాలది వందలు, వేలు, అందుకే ఎంతోకొంత మిగులుతుంది. కుదురు లేని వెంట్రుకలో కూడా దొరుకుతుంది. మైటోకాండ్రియల్ డీఎన్ఏ గొలుసులోని ఒక్కో మెట్టుని ఒక అక్షరం అనుకుంటే, మొత్తం 16,569 అక్షరాలు. మనిషికీ మనిషికీ తేడాలు ఎక్కువగా ఉండే రెండు చోట్ల కలిపి సుమారు 610 అక్షరాలు చదివి, అందరూ పోల్చుకోవడానికి పెట్టుకున్న నమూనాతో, అంటే 1981లో ప్రచురించి 1999లో సరిదిద్దిన కేంబ్రిడ్జ్ ప్రామాణిక క్రమంతో, ఎక్కడెక్కడ తేడా ఉందో రాసుకోవడం చాలాకాలం నుంచి ఉన్న పద్ధతి.

నీ డాక్టరు "మీ నాన్నే" అనేశాడు చూడు, అలా ఏ రిపోర్టూ అనదు. రెండు నమూనాల మధ్య రెండు లేదా అంతకంటే ఎక్కువ తేడాలుంటే సంబంధం లేదంటారు. ఒక్కటే ఉంటే తేల్చలేమంటారు. ఏ తేడా లేకపోతే "ఇద్దరూ ఒకే తల్లి సంతతి కాదని చెప్పలేం" అంటారు, అంతే. ఆ మాటకి ఎంత బరువుందనేది ఆ డీఎన్ఏ రకం జనంలో ఎంత అరుదో దాన్నిబట్టి ఉంటుంది. పాత గోవా చర్చి శిథిలాల్లో దొరికిన ఎముకని 1624లో చంపబడిన జార్జియా రాణి కెటెవాన్‌ది కావచ్చని మన హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ ఎముకలో దొరికిన డీఎన్ఏ రకం మన దేశంలో వేలమందిలో వెతికినా కనబడలేదు, జార్జియాలో కనబడింది. దానికి తోడు ఆమె అవశేషాలు ఎక్కడ పెట్టారో చెప్పే పాత పోర్చుగీసు రాతలూ ఉన్నాయి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూడు. ఎర్రయ్య సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడనుకో. మన వైపు అలాంటి పెళ్లిళ్లు నీకు తెలియనివి కావు. అప్పుడు పెళ్లాందీ ఎర్రయ్యదీ ఒకే తల్లి వరస, కొడుకు రక్తం కూడా సరిపోతుంది! నీ కథలో తప్పు ఒక్క దెబ్బకి ఒప్పయిపోతుంది. కానీ ఆ వెంటనే ఇంకో చిక్కు వస్తుంది. అదే బోటులో ఎర్రయ్య తమ్ముడు కూడా పోయాడనుకో, ఆ ఎముకలు ఇద్దరిలో ఎవరివి? అన్నదమ్ములకి ఆ డీఎన్ఏ ఒకటే. ఈ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. తర్వాత విరిగి అతుక్కున్న చెయ్యి, పుచ్చిన పన్ను, ఎత్తు, వయసు చూసుకోవలసిందే.

నాకైతే అసలు కథ అక్కడ కనిపిస్తోంది. ఇద్దరు తోడికోడళ్లు, దొరికినవి ఒక్క మనిషి ఎముకలు. నమూనా కోసం ఎస్సై వెళ్లవలసింది ఎర్రయ్య అక్క ఇంటికి. ఆమె బుగ్గ లోపల దూదిపుల్ల రాయించుకోవడానికి ఒప్పుకుంటే తమ్ముళ్లు ఇక రారని ఒప్పుకున్నట్టే. ఆవిడ చేత ఆ నోరు తెరిపించడానికి నీకు రెండు పేజీలైనా పడుతుంది, పట్టనీ. డాక్టరుని మాత్రం ఆ రిపోర్టు మాటలు దాటి ఒక్క మాట అననివ్వకు. సంక్రాంతి లోపు తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు