నీ దెయ్యం ఎందుకు నల్లగా ఉంది కిరణ్?

కిరణ్,

నీ స్క్రిప్టు నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివేశా, 112 పేజీలు. మధ్యలో ఒకసారి లేచి వంటింట్లో లైటేసి వచ్చి మళ్లీ కూర్చున్నా, కాబట్టి భయపెట్టడం నీకు వచ్చు, అందులో అనుమానం పెట్టుకోకు. బావి దగ్గర ఆ చేంతాడు దానంతటది కిందకి జారే సీను చాలా బాగుంది, ఎవరు మార్చమన్నా మార్చొద్దు. మిగతాది ఫోన్లో చెప్పొచ్చు గానీ నువ్వు వడపళని సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య నిలబడి వినే విషయం కాదు, అందుకే రాస్తున్నా.

4వ పేజీ తీసి చూడు. హీరోయిన్ గురించి "తెల్లగా, మల్లెపువ్వులా, అమాయకంగా ఉంటుంది" అని రాశావు. 31వ పేజీలో దెయ్యం గురించి "నల్లగా, వికారంగా, ఒకప్పుడు ఆ ఇంట్లో పనిమనిషి" అని ఉంది. అంతే, ఆవిడకి పేరు కూడా లేదు, చివరిదాకా దెయ్యం దెయ్యం అనే ఉంది. కావాలని చేశావని అనట్లేదురా, నీ సంగతి నాకు తెలుసు, చెయ్యి అలవాటుగా రాసేసింది. కానీ ఆ రెండు లైన్లే రేపు సాలిగ్రామంలో నటుల్ని వెతికిపెట్టే ఏ కోఆర్డినేటర్ ఫోన్లోకో వెళ్తాయి, "హీరోయిన్ ఫెయిర్, దెయ్యం డస్కీ" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. అలాంటి మెసేజులు బోలెడు చూశా. డార్క్ ఈజ్ బ్యూటిఫుల్ ప్రచారం 2009లో మొదలైంది మన చెన్నైలోనే, ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరు మార్చుకుంది, ఈ మెసేజు మాత్రం అలాగే ఉంది. దీనికి అందరూ ప్రొడ్యూసర్నే తిడతారు, ఆయన తప్పు లేదని నేననను, కానీ ఆ 4వ పేజీ ఆయన రాయలేదు కదా, నువ్వు రాశావు.

నేను చేసింది కూడా చెప్తా విను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంగ్లీషు హారర్ సినిమాకి తెలుగు డబ్బింగ్ డైలాగులు రాశా. ఆరుగురు ఫ్రెండ్స్ ఒక పాత ఇంట్లో ఇరుక్కుంటారు, అందులో ఒకడు నల్లజాతి కుర్రాడు. ఒక తలుపు ముందు నిలబడి చాలా నెమ్మదిగా, లోపలికి వెళ్లొద్దు అని చెప్తాడు. ఇంగ్లీషులో అది సీరియస్ డైలాగు, అక్కడ ఏం జరుగుతోందో ముందు అర్థమైంది వాడొక్కడికే. డబ్బింగ్ ఇంచార్జి వచ్చి "మేడం, వీడికి కామెడీ యాస వేసేద్దాం, జనం నవ్వుకుంటారు" అన్నాడు. సరేనన్నా. మా పని నీకు తెలుసుగా, తెర మీద పెదాలు కలిసిన చోట మనకి ప, బ, మ పడాలి, ఆ కుర్రాడి పెదాలు మూడుసార్లు కలుస్తున్నాయి, రివైండ్ చేసి చేసి లెక్కపెట్టుకుని "ఓలమ్మో నానెల్నురా బాబూ" అని పెట్టా. లిప్పుకి సరిగ్గా అతికింది, ఆ పూటకి చాలా సంతోషపడ్డా కూడా. మైకు ముందు నిలబడి అది చెప్పిన ఆర్టిస్టుది పలాస దగ్గర ఊరు. టేకు ఓకే అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెడుతూ "మా నాన్న ఇలాగే మాట్లాడతాడు మేడం" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తర్వాత ఆ సినిమా హాల్లో చూశా, అందరికంటే ముందు ఆ కుర్రాడే చచ్చిపోయాడు, జనం నవ్వారు. వాళ్లు అక్కడ ఒక మనిషిని ముందు చంపడానికి రాసుకున్నారు, నేనిక్కడ శ్రీకాకుళం వాళ్ల మాటని కూడా తీసుకెళ్లి అతని నోట్లో పెట్టి ఇద్దర్నీ కలిపి నవ్వులపాలు చేశా. ఆ అబ్బాయి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది నాకు.

ఆ తర్వాతే హారర్ సినిమాల్లో నల్లజాతివాళ్లని ఎలా చూపించారో వెతుక్కుని మరీ చూడ్డం మొదలెట్టా. 1968లో జార్జ్ రొమేరో పిట్స్‌బర్గ్ వైపు చిన్న బడ్జెట్‌తో నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ తీశాడు. హీరో బెన్ ఏ జాతివాడో స్క్రిప్టులో లేదట, ఆడిషన్లో అందరికంటే బాగా చేశాడని డ్వేన్ జోన్స్‌ని తీసుకున్నామని రొమేరో చెప్పేవాడు. చాలామంది ఇక్కడ ఆపేసి, చూశావా రంగు రాయకుండా వదిలేస్తే చాలు అంటారు. చాలదు. బెన్ మొదట్లో చదువు లేని మొరటు లారీ డ్రైవర్లా మాట్లాడేవాడు, జోన్స్ బాగా చదువుకున్న మనిషి, నేనలా మాట్లాడనని చెప్పి డైలాగులు తనే మార్చుకున్నాడు. ఇంక క్లైమాక్స్ చూడు, రాత్రంతా లేచొచ్చిన శవాలతో పోరాడి బతికి బయటపడ్డవాణ్ని, తెల్లారాక కాపాడ్డానికి తుపాకులతో వచ్చిన గుంపే, వీడు కూడా దెయ్యమే అనుకుని కాల్చేస్తుంది. అక్కడ తెల్ల నటుడు ఉంటే అయ్యో పొరపాటున చంపేశారు అనుకుని లేచి వచ్చేస్తాం. ఆ ఏడాది ఏప్రిల్లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపారు, సినిమా అక్టోబర్లో వచ్చింది, హాల్లో కూర్చున్న నల్లజాతి ప్రేక్షకుడు దాన్ని పొరపాటు అని ఎలా అనుకుంటాడు చెప్పు.

1972లో బ్లాక్యులా అనే సినిమాలో నల్లజాతి రక్తపిశాచిగా చేసిన విలియం మార్షల్ కూడా అంతే, పట్టుబట్టి తన పాత్రని బానిసల వ్యాపారం ఆపించాలని తిరిగే ఆఫ్రికా యువరాజుగా మార్పించుకున్నాడు. రచయితలు చెయ్యాల్సిన పని నటులు చేసుకున్నారు ఇద్దరూ.

రచయితే ముందు నుంచీ ఆలోచిస్తే ఎలా ఉంటుందో జోర్డన్ పీల్ 2017లో గెట్ అవుట్‌తో చూపించాడు. చివర్లో హీరో రోడ్డు మీద మోకాళ్ల మీద ఉంటాడు, ఒళ్లంతా దెబ్బలు, దూరం నుంచి పోలీసు లైటు ఎరుపూ నీలం కొట్టుకుంటూ వస్తుంది. వేరే ఏ హారర్ సినిమాలో అయినా ఆ లైటు చూస్తే అమ్మయ్య అనుకుంటాం, ఇక్కడ గుండె జారిపోతుంది, ఎందుకంటే హీరో డేనియల్ కలూయా నల్లజాతివాడు, ఎదురుగా పడి ఉన్నది తెల్ల అమ్మాయి. లైటు అదే, కానీ దాని ముందున్న మనిషి ఎవరన్నదాన్ని బట్టి అది కాపాడ్డమా చంపడమా అన్నది తేలుతోంది. పీల్ ముందు తీసిన ముగింపులో నిజంగానే పోలీసులు దిగి హీరోని జైల్లో వేస్తారు, తర్వాత దాన్ని మార్చి ఫ్రెండ్ దిగేలా పెట్టాడు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి రచయిత ఆయనే. మార్కెట్ ఉండదు అని నీతో ఎవరైనా అంటే 45 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా 25 కోట్ల డాలర్లు దాటిందని చెప్పు.

ఇప్పుడు నీ 88వ పేజీ. అమ్మాయి భయపడి గుళ్లోకి పరిగెడుతుంది, దెయ్యం గడప దగ్గర ఆగిపోతుంది, పూజారి కుంకుమ పెడతాడు. చదువుతూ నేను కూడా అమ్మయ్య అనుకున్నా. లైటు ఆర్పేసి పడుకున్నాక తట్టింది, గడప అవతల ఆగిపోయింది ఎవరు? ఆ పనిమనిషి. బతికున్నప్పుడు కూడా ఆవిడ ఆ గడప దగ్గరే ఆగి ఉంటుంది కిరణ్. అమెరికాలో రేసూ మన దగ్గర కులమూ ఒకటే అని నేననను, వాటి చరిత్రలు వేరు, మన దగ్గర రంగు చూసి కులం చెప్పలేం కూడా, అయినా మన సినిమావాళ్లం మాత్రం "నల్లగా" అని ఒక్క మాట రాసి పేదరికం, కులం, ప్రమాదం మూడూ ఒకేసారి చెప్పేస్తున్నాం.

నా మాట విని ఒకసారి ఇలా ఆలోచించి చూడు. ఆవిడకి ముందు ఒక పేరు పెట్టు. ఆవిడ మనవరాల్ని హీరోయిన్ చెయ్యి. అదే ఇల్లు, అదే బావి, అదే చేంతాడు, కానీ పైన నిలబడి చూస్తున్నది ఈ పిల్ల. తరిమే దెయ్యం సొంత నానమ్మ. అప్పుడు 88వ పేజీలో పిల్ల గుడి దాకా పరిగెత్తి వచ్చి, వెనకాల దెయ్యం ఉన్నా సరే, గడప ముందు తనే ఆగిపోతుంది, ఎవరూ ఆపకుండానే కాళ్లు ఆగిపోతాయి. లోపల పూజారి లేచి నిలబడతాడు. ఆయన ఏం చేస్తాడో నాకు తెలీదు, అది నువ్వే రాయాలి.

అలాగని ఆ పిల్లని దేవతని చేసెయ్యకు, ప్రతి సీన్లో ఏడిపించకు. అబద్ధాలాడనీ, ఇల్లమ్మితే ఎంతొస్తుందో లెక్కేసుకోనీ, ఫోన్లో రీల్స్ చూసుకోనీ. 2019లో అస్ సినిమాలో లుపిటా న్యోంగో కుటుంబం సరదాగా సెలవులకి వెళ్తుంది, వాళ్ల జాతి గురించి ఎవరూ లెక్చర్ ఇవ్వరు, వాళ్లకి భయమేస్తుంది మనకీ వేస్తుంది, అలాంటి హక్కు కూడా ఈ పిల్లకి ఉండాలి కదా.

ఇంకోటి. నువ్వు ఎంత బాగా రాసినా, తెల్లగా ఉన్న ఎవరో అమ్మాయిని తెచ్చి మొహానికి నల్ల మేకప్ పూసి నిలబెట్టేద్దాం అనేవాళ్లు వస్తారు. అందుకని పాత్రని రంగుతో కాదు, మాటతో కట్టు. మీ గూడూరు వైపు "యాడికి పోతుండావ్" అనే మాట నీకు పుట్టుకతో వచ్చు, దాన్ని నవ్వించడానికి కాకుండా భయపడ్డానికి, ప్రేమించడానికి, నానమ్మని బతిమాలుకోడానికి వాడు. ఆ మాట నోట్లో పలికే పిల్లని వెతకమని డైరెక్టర్‌ని అడుగు, దొరుకుతారు. నీకు తెలియని ఇళ్ల సంగతులు ఆ వాడల్లో పెరిగినవాళ్లని అడిగి రాయి, అడిగిన మనిషి పేరు టైటిల్స్‌లో వెయ్యించు, డబ్బులు ఇప్పించు. టెస్ట్ షూట్ కూడా ఆ పిల్ల మొహం మీదే చెయ్యమను, రాత్రి సీన్లలో లైటింగ్ తెల్ల మొహానికి సెట్ చేసుకుని తర్వాత ఈ పిల్ల కనపడట్లేదంటే కుదరదు.

రెండో డ్రాఫ్ట్ తొందరేం లేదు, 4వ పేజీ, 31వ పేజీ, 88వ పేజీ ఈ మూడే ముందు తిరగరాసి తీసుకురా. శనివారం నాకు డబ్బింగ్ లేదు, ఇంట్లోనే ఉంటా, భోజనానికి వచ్చెయ్. నానమ్మ పేరేంటో వచ్చాక చెప్పు.

పద్మక్క
సాలిగ్రామం, చెన్నై