టెర్మినల్‌లో ఫైలు వెతకడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పాత పెళ్లికార్డుల పీడీఎఫ్‌లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో పెట్టాం. ఉబుంటు (లినక్స్) టెర్మినల్‌లో, అంటే కమాండులు టైపు చేసే విండోలో, ‘లొకేట్’ కొడితే ఒక్కటీ రాదు. ‘ఫైండ్’ ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి ఎర్రర్ ఇస్తుంది. ఎందుకని?
– డీటీపీ నిర్వాహకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: లొకేట్ డిస్కును వెతకదు. రోజుకోసారి తయారయ్యే ఫైళ్ల జాబితాలో చూసి చెబుతుందంతే. ఉబుంటులో ఆ జాబితాలోకి /మీడియా ఫోల్డరును చేర్చరు. బయటి డిస్కు తగిలిస్తే కనబడేది అక్కడే. పొద్దున సేవ్ చేసిన ఫైలు మధ్యాహ్నం లొకేట్‌కు దొరక్కపోవడం కూడా ఆ జాబితా వల్లే. మీకు పనికొచ్చేది ఫైండే. ముందు ఎక్కడ వెతకాలో, తర్వాత ఏం వెతకాలో చెప్పాలి:

ఫైండ్ /మీడియా -టైప్ ఎఫ్ -ఐనేమ్ '*శ్రీనివాస్*.పీడీఎఫ్'

(టెర్మినల్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. -టైప్ ఎఫ్ అంటే ఫైళ్లు మాత్రమే, ఫోల్డర్లు వద్దని.)

మీ ఎర్రరుకు కారణం ఆ కొటేషన్లు పెట్టకపోవడమే అయి ఉంటుంది. అవి లేకపోతే ఫైండ్ మొదలయ్యేలోపే, మీరున్న ఫోల్డర్లో నక్షత్రం గుర్తులున్న ఆ నమూనాకు సరిపోయే ఫైళ్ల పేర్లను షెల్ (మీ కమాండును చదివి నడిపే ప్రోగ్రాం) ఆ నమూనా స్థానంలో పెట్టేస్తుంది. సరిపోయేవి ఏవీ లేకపోతే కమాండు మామూలుగా నడుస్తుంది. రెండో మూడో ఉంటే ఎర్రర్ వస్తుంది. ఒక్కటే ఉంటే మాత్రం అసలు ప్రమాదం: ఆ ఒక్క పేరే డిస్కంతా వెతికి, మిగతా కార్డులు లేవన్నట్టు ఊరుకుంటుంది. అందుకే కొటేషన్లు ఎప్పుడూ మానొద్దు.

-నేమ్‌కు బదులు -ఐనేమ్ వాడితే పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టదు. నెలలోపు మార్చినవే కావాలంటే -ఎంటైమ్ -30 చేర్చండి. ‘పర్మిషన్ డినైడ్’ వరసలు అడ్డొస్తుంటే చివర్లో 2>/డెవ్/నల్ పెట్టండి. -డిలీట్ జోలికి వెళ్లాల్సి వస్తే అది అన్నిటికన్నా చివరే ఉండాలి. -ఐనేమ్ కన్నా ముందు రాస్తే ఆ ఫోల్డర్లో ఉన్నదంతా పోతుంది, రీసైకిల్ బిన్‌లోకీ రాదు.

ప్రశ్న: ఫైళ్ల లోపలి తెలుగు మాటల కోసం ‘గ్రెప్ -ఆర్‌ఎల్’ వాడుతున్నా. నోట్స్ ఫైళ్లలో దొరుకుతున్నాయి, పీడీఎఫ్‌లలో ఒక్కటీ దొరకదు.
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పీడీఎఫ్ లోపలి అక్షరాలు సాధారణంగా కుదించి ఉంటాయి, గ్రెప్ వాటిని చదవలేదు. ముందు ‘పీడీఎఫ్‌టూటెక్స్ట్’తో టెక్స్ట్ ఫైలుగా మార్చి, అందులో వెతకండి.

అప్పటికీ దొరకలేదంటే అది డీటీపీలో వాడే అను ఫాంట్లతో కొట్టిన మేటర్ కావచ్చు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే పద్ధతి) కాదు. కంటికి తెలుగులా కనబడినా, లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. మార్చిన టెక్స్ట్ ఫైల్లోంచే మీకు కావలసిన మాట ఉన్న చోటు కాపీ చేసి, ఆ గజిబిజినే కొటేషన్లలో పెట్టి వెతకండి. గ్రెప్‌కు పెద్ద అక్షరాల -ఎఫ్ కూడా చేర్చాలి. లేకపోతే అందులోని చుక్కలు, బ్రాకెట్లను నమూనా గుర్తులనుకుంటుంది. కోరెల్‌డ్రాలో కర్వ్స్ చేసి పంపిన పీడీఎఫ్‌లో అసలు అక్షరాలే ఉండవు, బొమ్మలే. వాటిని ఫైలు పేరుతో, తేదీతో ఫైండ్‌లోనే పట్టుకోవాలి.