ముందు రిసీవర్, తర్వాతే ఎల్ఈడీ

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్ఈడీ, రిసీవర్ రెండూ ఒకేసారి బిగించి, రెండు మైక్రోకంట్రోలర్ బోర్డులకీ కోడ్ ఎక్కించి, "ఏమీ రావట్లేదు పెదనాన్నా" అంటే తప్పు ఎటువైపు ఉందో నేనేం చెప్పను? ఎల్ఈడీని పీకి పక్కన పెట్టు. ముందు రిసీవర్ సంగతి తేల్చుకో. సిగ్నల్ పంపడానికి టీవీ రిమోట్ ఉందిగా. అది పనిచేస్తుందని ముందే తెలుసు కాబట్టి అనుమానించాల్సింది ఒక వైపునే.

అసలు నీ చేతిలో ఉన్నది రిసీవరేనా? "ఐఆర్ సెన్సార్" అన్న పేరుతో రెండు వేరు వేరు వస్తువులు దొరుకుతాయి. పక్కపక్కనే ఒక తెల్ల ఎల్ఈడీ, వెలుగును పసిగట్టే ఒక నల్ల ఫోటోడయోడ్, వెనక ఎల్ఎం393 చిప్, స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న ప్రీసెట్ ఉంటే అది ఎదురుగా ఉన్న అడ్డాన్నో, నేల మీద నల్ల గీతనో కనిపెట్టేది. దానితో రిమోట్ కోడ్ చదవడానికి కూర్చుంటే ఎన్నాళ్ళైనా అంతే. నీకు కావలసింది మూడు కాళ్ళతో, ముందు గుండ్రటి బొడిపెతో ఉండే టీఎస్ఓపీ38238, వీఎస్1838బీ లాంటిది.

దాని లోపల ఫోటోడయోడ్ ఒక్కటే కాదు, యాంప్లిఫయర్, ఫిల్టర్ కూడా ఉంటాయి. ఎండలోనూ, బల్బుల వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ బోలెడంత ఉంటుంది. ఆ గోలలో తన మాట వినపడాలని రిమోట్ తన ఎల్ఈడీని సెకనుకు 38 వేల సార్లు వెలిగించి ఆర్పుతుంది. రిసీవర్ ఆ వేగంతో వచ్చే వెలుగునే పట్టించుకుని, ఆ 38 కిలోహెర్ట్జ్‌ని తీసేసి, మిగిలిన పల్స్‌లు మాత్రమే నీ బోర్డు పిన్‌కి ఇస్తుంది. అదీ తలకిందులుగా: సిగ్నల్ లేనప్పుడు హై, వచ్చినప్పుడు లో. సోనీ రిమోట్లు 40, ఫిలిప్స్ ఆర్‌సీ5 రిమోట్లు 36 కిలోహెర్ట్జ్ వాడతాయి. 38 రిసీవర్ వాటినీ పట్టుకుంటుంది, కాకపోతే దూరం తగ్గుతుంది.

కాళ్ళ విషయంలో జ్ఞాపకాన్ని నమ్మకు. బొడిపె నీ వైపు ఉండగా టీఎస్ఓపీ38238కి ఎడమ నుంచి అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై. పాత టీఎస్ఓపీ1738కి గ్రౌండ్, సప్లై, అవుట్‌పుట్. చూడ్డానికి రెండూ ఒకటే! సప్లై తిరగేస్తే భాగం పోతుంది, అందుకే డేటాషీట్ తెరిచాకే వైరు పట్టుకో. ఈఎస్‌పీ32 బోర్డు వాడితే టీఎస్ఓపీ38238కి 3.3 వోల్టులే ఇవ్వు, 5 వోల్టుల అవుట్‌పుట్ ఆ పిన్‌కి మంచిది కాదు. అదే బోర్డు మీద మోటారో, రిలేనో ఉంటే సప్లై దారిలో 100 ఓముల రెసిస్టర్, కాళ్ళకు దగ్గరగా 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టు. ఎవరూ నొక్కకుండానే వచ్చే పిచ్చి కోడ్లు చాలావరకు ఆగుతాయి.

ఇక కోడ్. ఐఆర్‌రిమోట్ లైబ్రరీ వాడు, కానీ ఒక్కసారైనా రా టైమింగ్స్ (ఒక్కో పల్స్, ఒక్కో ఖాళీ ఎంతసేపు ఉందో చెప్పే అంకెలు) ప్రింట్ చేసి కళ్ళతో చూడు. నీ రిమోట్ కోడ్ పంపేది ఎన్ఈసీ అనే పద్ధతిలో అయితే మొదట 9 మిల్లీసెకన్ల పల్స్, 4.5 మిల్లీసెకన్ల ఖాళీ కనిపిస్తాయి. తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్‌కీ సుమారు 560 మైక్రోసెకన్ల పల్స్, దాని వెనక ఖాళీ కూడా అంతే ఉంటే సున్నా, దాదాపు 1690 ఉంటే ఒకటి. బటన్ నొక్కి పట్టుకుంటే అదే కోడ్ మళ్ళీ రాదు, "రిపీట్" అని చెప్పే పొట్టి సిగ్నల్ 110 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. అదేదో ఎర్రర్ అనుకుని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది.

పాత ఉదాహరణల్లోని హెక్స్ నంబర్లు నీకు వచ్చేవాటితో కలవకపోవచ్చు. లైబ్రరీ మూడో వెర్షన్ నుంచి బిట్ల వరుస మారింది. నీ రిమోట్‌తో నువ్వు చదివిన నంబర్లే వాడు. ఇంకో చిక్కు: ఆర్డుయినో ఊనో బోర్డులో శబ్దం చేసే టోన్ ఫంక్షన్, ఈ లైబ్రరీ ఒకే టైమర్ కోసం కొట్టుకుంటాయి. రంగుల ఎల్ఈడీ స్ట్రిప్ ఉంటే, దానికి డేటా పంపేంతసేపూ ఇంటరప్ట్‌లు (చేస్తున్న పని ఆపించి పల్స్‌ని గమనించేలా చేసేవి) ఆగిపోయి మధ్యలో పల్స్‌లు జారిపోతాయి. కోడ్ అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, రిమోట్ మాత్రం ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యదు.

ఇదంతా కుదిరాకే ఎల్ఈడీ. 940 నానోమీటర్లది తీసుకో. 220 ఓములతో నేరుగా 5 వోల్టుల పిన్‌కి కలిపితే 17 మిల్లీయాంపులు వస్తుంది, బల్ల మీద పరీక్షకు చాలు. గది అవతలి టీవీకి చేరాలంటే ట్రాన్సిస్టర్ పెట్టాల్సిందే. 5 వోల్టుల్లో ఎల్ఈడీకి 1.3, 2ఎన్2222 ట్రాన్సిస్టర్‌కి 0.2 పోతే మిగిలేది 3.5. 39 ఓములు పెడితే దాదాపు 90 మిల్లీయాంపులు. బేస్‌కి ఒక కిలో ఓము దాకా పెట్టొచ్చు. ఈ కరెంటు చిన్న చిన్న పల్స్‌లకే సుమా. కోడ్ ఎక్కడో ఇరుక్కుని పిన్ హైలోనే ఉండిపోతే ఎల్ఈడీ వేడెక్కి పోవచ్చు. అది వెలుగుతోందో లేదో ఫోన్ కెమెరాలో చూడొచ్చు. వెనక కెమెరాలో కనపడకపోతే ముందు కెమెరాతో చూడు, చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఐఆర్ ఫిల్టర్ ఉంటుంది.

తలుపు దగ్గర కిరణం తెగితే అలారం మోగాలని కూడా రాశావు. అక్కడ 38 కిలోహెర్ట్జ్‌ని ఆపకుండా పంపకు. ఫ్యాన్ చప్పుడు కాసేపటికి మన చెవికి ఆననట్టే, ఎడతెగకుండా వచ్చే సిగ్నల్‌ని ఈ రిసీవర్ గోల కింద లెక్కేసి తన గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించేసుకుంటుంది. మధ్యమధ్యలో ఖాళీ ఇస్తూ ముక్కలుగా పంపు. లేదా గెయిన్ మారని టీఎస్‌ఎస్‌పీ4038 లాంటిది తెచ్చుకో. నేనైతే రెండోదే తీసుకుంటాను.

ఏసీ రిమోట్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. అది నొక్కిన బటన్ ఒక్కటే కాదు, టెంపరేచర్, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి ప్రతిసారీ పొడుగాటి కోడ్‌గా పంపుతుంది. లైబ్రరీ బఫర్ (చదివిన టైమింగ్స్ దాచుకునే చోటు) పెంచకపోతే సగమే దొరుకుతుంది.

టీవీ రిమోట్‌తో రిసీవర్ చదివిన టైమింగ్స్ కాపీ చేసి పంపు. నీ మాడ్యూల్‌ని రెండు వైపులా ఫోటో తీసి జతచెయ్యి, కాళ్ళ దగ్గర అచ్చేసిన అక్షరాలు కనపడాలి.

మీ పెదనాన్న