"2-3 ఏళ్లు" సైజు ఒకరికి జారుతోంది, ఇంకొకరికి పట్టడం లేదు: పసిపిల్లల బట్టలకు కొలత ఎలా చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండున్నరేళ్ల కవలలు. బాబు కాస్త పొట్టి, బొద్దు, పొట్ట ముందుకి ఉంటుంది. పాప సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇద్దరికీ "2-3 ఏళ్లు" అని రాసున్న లాగులే కొంటే, బాబుకు నడుం పట్టీ పొట్ట కిందికి జారి వెనక డైపరు బయటపడుతోంది. పాపకేమో నడుం మీద నిలవడమే లేదు. సైజు మారిస్తే ఒకచోట బాగై ఇంకోచోట చెడుతోంది.

ముందు లేబుల్ మీద వయసు చూడటం మానేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం రెండేళ్లు నిండిన మగపిల్లల మధ్యస్థ ఎత్తు 87.1 సెం.మీ. అయితే 81 నుంచి 93 దాకా ఉన్నా మామూలు కిందే లెక్క. యూరప్ సైజుల్లో 80, 86, 92, 98 అని ఉండే అంకెలు నేరుగా బిడ్డ ఎత్తును సెంటీమీటర్లలో చెప్తాయి, ఒక్కో మెట్టు 6 సెం.మీ. అంటే ఒకే వయసు పిల్లలు మూడు సైజుల్లో ఉండొచ్చన్నమాట. అంకె ఉన్న లేబుల్ దొరికితే అదే నమ్మండి. 2టీ, 3టీ అని ఉన్నవాటిలో టీ అంటే టాడ్లర్, తప్పటడుగుల వయసు బిడ్డ. వీటి కత్తిరింపులో సాధారణంగా డైపరుకు చోటు వదులుతారు, ఉత్త 2, 3 అని ఉన్నవాటిలో అంత వదలరు. ఈ లేబుళ్లలో ఏదీ పొట్ట చుట్టుకొలత గురించి ఒక్క ముక్క చెప్పదు.

కొనేటప్పుడు నా లెక్క ఒకటే: ఇంట్లో సరిచేయలేని చోటికి సరిపోయేది కొనాలి, సరిచేయగలిగిన చోటిని తర్వాత చూసుకోవాలి. నడుం ఎలాస్టిక్కు, పొడవు అరగంట పని. భుజం, చంక గుండ్రం, సీటు లోతు మాత్రం ఒకసారి కత్తిరించాక మనచేతిలో ఉండవు. మీ బాబు ఇబ్బందికి మూలం కూడా నడుం అయ్యుండదు, సీటు లోతు అయ్యుంటుంది.

దాన్ని ఇలా కొలవండి. డైపరు వేసే ఉంచి, సాగని దారం ఒకటి బొడ్డు కింద, పట్టీ ఎక్కడ ఉండాలనుకుంటారో అక్కడ పెట్టండి. కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్లి నడుం దాకా తేవాలి. బిడ్డ కదలకుండా నిలబడదు కాబట్టి టేపుతో కుస్తీ పట్టకండి. దారం మీద వేలితో పట్టుకున్న చోట పెన్నుతో గుర్తు పెట్టి, తర్వాత స్కేలు మీద పరిచి చూసుకోండి. 44 సెం.మీ. వచ్చిందనుకుందాం. లాగును బల్ల మీద పరిచి, పట్టీ పై అంచు నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా ముందు వైపు, వెనక వైపు విడివిడిగా కొలిచి కలపాలి. ఆ మొత్తం 47 దాకా ఉండాలి. పైగా వెనక వైపు ముందు కంటే కనీసం 3 సెం.మీ. ఎక్కువుండాలి. రెండూ సమానంగా ఉన్న లాగుల్ని పక్కన పెట్టేయండి. పిల్లలు రోజంతా గొంతుకూర్చునే ఆడతారు. అలా కూర్చున్నప్పుడు వెనక గుడ్డ సాగాల్సి వస్తుంది, ముందు గుడ్డ ముడతలు పడుతుంది. వెనక సరిపడా లేకపోతే పట్టీ కిందికి లాక్కుపోతుంది. అప్పుడు ఎలాస్టిక్కు ఎంత బిగించినా పొట్ట మీద ఎర్రగా అచ్చు పడటమే తప్ప జారడం ఆగదు.

మిగతా కొలతలకు ఒంటి మీద కన్నా ఆది బట్ట మీద చూసుకోవడం తేలిక. ఇప్పుడు సరిగ్గా ఉన్న చొక్కా ఒకటి, లాగు ఒకటి తీసుకుని, చంక కింద అడ్డంగా, భుజం నుంచి భుజానికి, చెయ్యి పొడవు, లోపలి కాలు పొడవు, తొడ దగ్గర వెడల్పు రాసిపెట్టుకోండి. పొట్ట ఒక్కటి మాత్రం ఒంటి మీదే, అన్నం తిన్నాక కొలవండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో కొలిచి కొన్న లాగు సాయంత్రానికి బిగుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొంటే సైజు పట్టికలో ఉన్నది ఒంటి కొలతో బట్ట కొలతో ముందు తేల్చుకోండి. రెండేళ్ల సైజుకు ఛాతీ 52 దగ్గర్లో ఉంటే అది ఒంటి కొలత, 60 దగ్గర్లో ఉంటే బట్ట కొలత. సాగని నేత గుడ్డైతే ఒంటి కంటే ఛాతీకి 6 నుంచి 8 సెం.మీ. వదులుండాలి. బనియను గుడ్డలా సాగేదైతే 3 చాలు. ఈ తేడా చూడకపోతే కొన్న బట్టలు వాపసు పంపాల్సి వస్తుంది.

ఇక బాబు సంగతి. బొద్దు పిల్లలకు చొక్కా పొట్ట దగ్గర పట్టడం లేదని రెండు సైజులు పెంచేస్తుంటారు. అప్పుడు భుజం కుట్టు చెయ్యి మీదికి జారుతుంది, చంక కిందికి దిగుతుంది. చెయ్యి పైకెత్తితే చొక్కా మొత్తం లేచి పొట్ట బయటపడుతుంది. అందుకే భుజానికి సరిపోయే సైజే తీసుకుని, కింద ఘేరా ఎక్కువున్నవి, పక్కల చీలిక ఉన్నవి, అడ్డంగా సాగే గుడ్డవి ఎంచుకోండి. భుజం కుట్టు ఎముక అంచు నుంచి వేలెడు వెడల్పు దాటి కిందికి పోకుండా చూస్తే చాలు.

లాగుకైతే పట్టీని పొట్ట మీద నిలబెట్టాలని చూడకండి, అది గుండ్రని చోటు, ఎలాగూ జారుతుంది. ముందు భాగం పట్టీని మాత్రమే 2 సెం.మీ. కిందికి మడిచి కుట్టండి, వెనక కదపొద్దు. అప్పుడు పట్టీ పొట్ట కిందుగా కుదురుకుని వెనక ఎత్తుగా నిలుస్తుంది. ఎలాస్టిక్కు 2 నుంచి 2.5 సెం.మీ. వెడల్పుది, మెత్తనిది వాడండి. సన్నది తాడులా చుట్టుకుని కోస్తుంది. పొడవు లెక్క: పట్టీ కూర్చునే చోట చుట్టుకొలత 52 అయితే అందులో 4 తగ్గించి, ఒకదాని మీద ఒకటి వేసి కుట్టడానికి 2 కలపాలి. మొత్తం 50. ఎలాస్టిక్కు దూర్చే పట్టీ గొట్టం దానికంటే 3 మి.మీ. మాత్రమే ఎక్కువ వెడల్పుండాలి. ఎక్కువైతే లోపల మెలిక పడుతుంది. పక్క కుట్ల మీదుగా ఎలాస్టిక్కును కలిపి నిలువుగా ఒక్కో కుట్టు వేస్తే మెలిక పడే అవకాశమే ఉండదు.

తొడలు లావై అక్కడ బిగుస్తుంటేనో, గుడ్డ డైపరు వేస్తుంటేనో కాళ్ల మధ్య ముక్క వేయడం అన్నిటికన్నా మంచి మార్గం. సాగే గుడ్డ 10 సెం.మీ. చదరంగా కత్తిరించండి. నాలుగు కుట్లు కలిసే చోటు నుంచి ముందుకి, వెనక్కి, రెండు కాళ్ల వైపుకి 4 సెం.మీ. చొప్పున విప్పండి. చదరం నాలుగు మూలలూ ఆ నాలుగు చివరలకు రావాలి. 1 సెం.మీ. లోపలికి కుడితే ఒక్కో అంచు 8 మిగులుతుంది, ఒక్కో వైపు విప్పిన 4, 4 కలిపి దానికి సరిగ్గా సరిపోతాయి. తప్పు జరిగేది మూలల దగ్గరే. కుట్టును అంచు దాకా లాగేస్తే మూల ముడతపడి, నాలుగు ఉతుకులకు అక్కడే చిరుగుతుంది. అంచుకు 1 సెం.మీ. ముందే ఆగి, సూది గుడ్డలో దించే ఉంచి, మిషను పాదం ఎత్తి గుడ్డ తిప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. గుడ్డ సాగే దిశ ఒక కాలి నుంచి ఇంకో కాలికి అడ్డంగా ఉండాలి.

పాప విషయం ఇంతకంటే సులువు. ఎత్తును బట్టి సైజు కొని నడుం తగ్గించడమే. కాజాలున్న ఎలాస్టిక్కు అని అమ్ముతారు, పొడవునా కాజాలు ఉంటాయి. వెనక సగానికి మాత్రమే ఎక్కించి, రెండు పక్క కుట్ల దగ్గర లోపలి వైపు గుండీలు కుట్టండి. బిగించేటప్పుడు రెండు వైపులా సమానంగా లాగాలి. ఒకవైపు మూడు కాజాలు, ఇంకోవైపు ఒకటి అయితే మధ్య కుట్టు పక్కకి తిరిగి, నడుస్తుంటే కాళ్ల మధ్య రాసుకుంటుంది. బొందు మాత్రం వద్దు. ముఖ్యంగా మెడ దగ్గర, టోపీకి బొందులున్న బట్టలు అసలు కొనకండి. జారుడుబల్ల మీదో తలుపు పిడికో తట్టుకుంటే మెడకు బిగుస్తాయి. యూరప్‌లో ఈఎన్ 14682 ప్రమాణం ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు మెడ, టోపీ దగ్గర బొందులు వద్దనే చెప్తుంది.

నడుం సరిగ్గా ఉండి కాలు పొట్టైపోయిన లాగులు సన్నపిల్లల దగ్గర గుట్టలుగా మిగులుతాయి. వాటికి కాలి అంచున రిబ్బు గుడ్డతో (నిలువు చారలుండి బాగా సాగేది) పట్టీ వేయొచ్చు. కాలి అంచు చుట్టూ 20 సెం.మీ. ఉంటే రిబ్బు 17, కుట్టుకు 2 కలిపి 19 కత్తిరించండి. 6 సెం.మీ. పట్టీ రావాలంటే రెండు మడతలకు 12, కుట్టుకు 2, మొత్తం 14 ఎత్తు ముక్క కావాలి. కుట్టేటప్పుడు రిబ్బును మాత్రమే సాగదీయాలి. లాగు గుడ్డను లాగితే అంచు అలలు అలలుగా తయారవుతుంది.

మెడ గురించి ఒక మాట. రెండేళ్ల పిల్లల తల చుట్టుకొలత 47-48 సెం.మీ. ఉంటుంది, ఒంటితో పోలిస్తే పెద్ద తల. బనియను మెడను పూర్తిగా లాగి పట్టుకుంటే అడ్డంగా 25 సెం.మీ. రావాలి. రాకపోతే భుజం మీద గుండీలున్నది తీసుకోండి. తొడిగేటప్పుడు ఏడ్చే పిల్లల్లో చాలామందికి బాధ చెవుల దగ్గరే.

ఏ మార్పైనా ఒకసారి ఉతికి ఆరబెట్టాకే చేయండి. కాటన్ బనియను గుడ్డ మొదటి ఉతుకుకే 5 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. 40 సెం.మీ. చొక్కాకు 2 సెం.మీ. పోయినట్టే. ఉతికే ముందు, లేబుల్ తీయకుండానే, తొడిగి గొంతుకూర్చోబెట్టండి, చేతులు పైకెత్తించండి, నాలుగడుగులు నడిపించండి. వెనక పట్టీలో రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరకూడదు. విప్పిన పావుగంటకు కూడా అచ్చు పోకపోతే అది బిగుతే.

పొడవు ఎక్కువైతే కత్తిరించకండి. రెండు నుంచి మూడేళ్ల మధ్య సుమారు 9 సెం.మీ. పెరుగుతారు, అంటే ఎనిమిది నెలలకు ఒక సైజు. లోపలి వైపు 1.5 సెం.మీ. మడత పెట్టి కుడితే 3 సెం.మీ. దాగుతుంది. అలాంటివి రెండు వేసి, కావాల్సినప్పుడు ఒక్కోటి విప్పుకోవచ్చు. పెద్ద కుట్టుతో, గుడ్డ రంగు దారంతో వేయండి. ముదురు రంగు బట్టైతే విప్పాక మడత గీత తెల్లగా కనిపిస్తుంది, అలాంటివాటికి మడతను అంచు కుట్టుకు ఆనుకుని వేస్తే ఆ గీత కుట్టులో కలిసిపోతుంది.