మూడేళ్లు ఒకే బల్ల దగ్గర

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. తులసికోట ముందు కూర్చున్న అమ్మమ్మ ముఖంలో ‘ఏదో చెప్పలేని ప్రశాంతత’ కనిపించిందని రాశావు. నాకు మాత్రం అమ్మమ్మే కనిపించలేదు. ఆమె చేతిలో ఏముందో, ఎలా కూర్చుందో కథలో ఎక్కడా లేదు. ఈ మాట చెప్పాలంటే నాకు విల్‌హెల్మ్ లైబ్ల్ గుర్తొస్తాడు. నాకు రాయడం నేర్పినవాళ్లలో ఈ జర్మన్ చిత్రకారుడు ఒకడు.

1844లో కొలోన్‌లో పుట్టాడు. మ్యూనిక్ అకాడమీలో చదివాడు. 1869లో అక్కడి ప్రదర్శనలో ఆయన వేసిన శిల్పి గేడన్ గారి భార్య చిత్రాన్ని ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే చూసి ఎంతో మెచ్చుకున్నాడు. దాంతో లైబ్ల్ పారిస్ వెళ్లాడు. ఆ చిత్రానికే 1870లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అంతలో ఫ్రాన్సుకూ జర్మన్లకూ యుద్ధం రావడంతో వెనక్కి రాక తప్పలేదు. అంత పేరొచ్చాక సిటీలోనే ఉండి డబ్బున్నవాళ్ల ముఖాలు గీసుకుంటే హాయిగా గడిచిపోయేది. ఆయన 1873లో మ్యూనిక్ వదిలేసి బవేరియా పల్లెలకు వెళ్లిపోయాడు. పారిస్‌లో కొత్తవాళ్లు వెలుతురు వెంట పడుతుంటే, ఈయన మూడు వందల ఏళ్లకు పైగా వెనక ఉన్న జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ వైపు చూశాడు. పాతకాలపు మనిషి అంటారేమోనన్న బెంగ పెట్టుకోలేదు.

బెర్‌బ్లింగ్ అనే చిన్న ఊళ్లో 1878లో ఒక బొమ్మ మొదలుపెట్టాడు. ‘చర్చిలో ముగ్గురు స్త్రీలు’. ఊళ్లో ఆడవాళ్లనే చర్చి బల్ల మీద కూర్చోబెట్టి, ఆ చలిలో అక్కడే వేశాడు. నిలువు 113 సెంటీమీటర్లు, అంతే. దానికి మూడేళ్లకు పైగా పట్టింది. ముందుగా గీతలు గీసుకోడు, నేరుగా రంగుతోనే మొదలుపెడతాడు. కుదరకపోతే గీకేసి మళ్లీ వేస్తాడు.

ఆ బొమ్మ ఇప్పుడు జర్మనీలోని హాంబర్గ్ కున్‌స్ట్‌హాలే అనే మ్యూజియంలో ఉంది. నెట్‌లో దొరుకుతుంది, పెద్దది చేసి చూడు. ముగ్గురివీ మూడు వయసులు. పడుచుపిల్ల ఒళ్లో ప్రార్థన పుస్తకం. ముసలామె తన పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చదువుకుంటోంది. కాయకష్టం చేసిన ఆ వేళ్ల మీద కాసేపు ఆగు. బల్ల అంచు మీది నగిషీ చెక్కడాన్ని కూడా ముఖాలంత శ్రద్ధగా వేశాడు. పైనుంచి దివ్యమైన వెలుగు పడటం, కళ్లు ఆకాశంలోకి ఎత్తడం లాంటివేవీ లేవు. అయినా దాన్ని చూడటానికి వచ్చిన రైతులు తమకు తెలియకుండానే చేతులు జోడించారని లైబ్ల్ తన తల్లికి రాశాడు. మనిషిని ఉన్నది ఉన్నట్టు వేస్తే చాలు, ఆత్మ ఎలాగూ అందులో ఉంటుందని ఆయన నమ్మకం. నీ ‘ప్రశాంతత’ పక్కన ఈ మాట పెట్టి చూసుకో.

ఇంకో సంగతి. ‘దొంగ వేటగాళ్లు’ అనే పెద్ద బొమ్మ మీద 1882 నుంచి నాలుగేళ్లు కష్టపడ్డాడు. విడివిడిగా ప్రతి భాగమూ బాగా వచ్చింది, మొత్తంగా చూస్తే కొలతలు పొసగలేదు. చివరికి తనే కత్తి పెట్టి కోసేశాడు. మిగిలిన ముక్కలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. నా మొదటి నవల పొసగడం లేదని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. రెండు వందల పేజీల్లో మూడు అధ్యాయాలే కథలుగా బతికాయి. పారేసిన పేజీల గురించి ఆనాడు ఎంత ఏడ్చానో, ఇప్పుడు ఆ మూడు కథలంటే అంత ఇష్టం. నీ కథలోనూ రైలు ప్రయాణం మొత్తం తీసేయ్. బావి దగ్గర చేద జారిన ఆ నాలుగు వాక్యాలు మాత్రం ముట్టుకోకు. అవి నువ్వు చూసి రాసినవి.

సంక్రాంతికి ఊరెళ్తావుగా? సాయంత్రం అమ్మమ్మ దీపం పెట్టే వేళకి ఫోను లోపల పెట్టేసి ఆమె పక్కన కూర్చో. పత్తి ఎలా తీస్తుందో, వత్తి ఏ వేళ్లతో నలుపుతుందో చూడు. అదొక్కటే ఒక పేజీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య